గుడ్డ మీద మిగిలిన నట్టు

షెడ్డు మూసేసి ఏడాది దాటింది. ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి ఏటీవీ పని నేర్పమంటారు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే ఓపిక నాకు లేదు. అందుకని తెలిసింది రాసి పెడుతున్నాను. ఎన్ని బండ్లు బాగుచేశానో, ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు. శాలువా ఎవరూ కప్పలేదు కూడా.

ఏటీవీ అంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట. నాలుగు లావుపాటి చక్రాలు, బైకు హ్యాండిలు, బైకు సీటు ఉండే బండి అది. ఇసకలోనూ బురదలోనూ పోతుంది. మన కోనసీమలో రెండు చోట్ల కనిపిస్తుంది. సముద్రం ఒడ్డున సరదాకి వచ్చినవాళ్ళని తిప్పేవి కొన్ని, ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద మేత బస్తాలు మోసేవి కొన్ని. అమలాపురం శివార్లో నా షెడ్డుకి రెండు రకాలూ వచ్చేవి. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు గల్ఫులో ఒక ఎడారి క్యాంపులో ఈ బండ్లే బాగుచేశాను.

ఈ పనిలోకి వచ్చే ప్రతివాడూ ఇంజను గురించే అడుగుతాడు. ఇంజను పాడైతే బండి ఆగిపోతుంది, అంతే. వెనక స్వింగార్మ్ సరిగ్గా లేకపోతే బండి ఆగదు, పోతూనే ఉంటుంది. నేను చెప్పదలుచుకున్నది దాని గురించి.

వెనక ఇరుసుని ఛాసిస్‌కి కలిపే ఇనప చట్రాన్ని స్వింగార్మ్ అంటారు. గుంట వచ్చినప్పుడు పైకీ కిందకీ ఊగుతుంది. అది ఊగేది ఒక్క పొడుగాటి బోల్టు మీద. దాన్ని పివట్ బోల్టు అంటాం. బండి వెనక భాగమంతా, దాని మీద కూర్చున్న మనిషితో సహా, ఆ ఒక్క బోల్టు మీద ఆధారపడి ఉంటుంది. విప్పడం ఎవరైనా విప్పుతారు. తిరిగి బిగించడంలోనే మెకానిక్ ఎవడో తెలుస్తుంది.

సిల్వా గారి గుడ్డ

ఎడారి క్యాంపులో మా ఫోర్‌మన్ శ్రీలంక ఆయన, పేరు సిల్వా. సన్నగా ఉండేవాడు, తక్కువ మాట్లాడేవాడు. మాట్లాడిన ఆ కాస్త హిందీ కూడా సగం మాకు అర్థమయ్యేది కాదు.

నేను చేరిన కొత్తలో ఒక స్వింగార్మ్ తిరిగి ఎక్కించమన్నాడు. ఎక్కించాను. బోల్టు దూర్చాను, కుదుపు ఆపే స్ప్రింగుని, అంటే షాక్‌ని, కలిపాను, ఇరుసు వేశాను, చక్రాలు వేశాను. చెమట తుడుచుకుని గర్వంగా నిలబడ్డాను. సిల్వా గారు టీ తాగుతూ మొదటి నుంచీ చూస్తూనే ఉన్నాడు. గ్లాసు కింద పెట్టి, "చైను ఎక్కడ?" అన్నాడు.

చైను గోడకి మేకు మీద వేలాడుతోంది. ఆ మోడల్లో చైనుకి విప్పే లింకు ఉండదు, ఒకటే చుట్టు. స్వింగార్మ్ ఎక్కించే ముందే దాన్ని ఆర్మ్‌కి తొడగాలి. తరవాత తొడగడానికి దారి లేదు. చేసిన పనంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టాను. మధ్యలో చెప్పొచ్చు కదా అని లోపల బూతులు తిట్టుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన చేసిందే సరైన పని. మధ్యలో చెప్పి ఉంటే ఆ చైను సంగతి వారంలో మర్చిపోయేవాణ్ణి.

ఆయన దగ్గర నేర్చుకున్న అసలు విద్య ఇంకొకటి ఉంది. విప్పిన ప్రతి సామానూ, చిన్న వాషరుతో సహా, విప్పిన వరసలోనే నేల మీద పరిచిన గుడ్డ మీద పెట్టాలి. బిగించేటప్పుడు వెనక నుంచి ఒక్కొక్కటీ తీసుకోవాలి. గుడ్డ ఖాళీ అయితే పని అయినట్టు. ఖాళీ కాకపోతే బండి అంగుళం కూడా కదలకూడదు. తొందరలో ఉన్నది ఎవరైనా సరే, షేకు గారి కొడుకైనా సరే, సిల్వా గారు కదలనిచ్చేవాడు కాదు.

నేను ఇంటికి వచ్చేసినప్పుడు ఆ అలవాటు కూడా నాతో వచ్చింది. నా గుడ్డ ఒక పాత గళ్ళ లుంగీ.

ఇక్కడి గాలి

ఎడారిలో ఇసకతోనే బాధ. ఇక్కడ ఉప్పుతో. సముద్రపు గాలి, చెరువు నీళ్ళు కలిసి ఆర్నెల్లలో పివట్ బోల్టుని బేరింగులో అతికించేస్తాయి. తుప్పు పట్టి కదలని బోల్టుని సుత్తితో బాదకండి. బోల్టు మీది మరచుట్లు ముక్కలవుతాయి. తుప్పు వదిలే నూనె కొట్టి, ఒక పూట వదిలేసి, ఇంటికి పోయి భోంచేసి రండి.

మన వాళ్ళ గొప్ప అలవాటు ఒకటి చెప్పాలి. ఇంట్లో డబ్బాడు కొబ్బరినూనె ఉంటుంది కాబట్టి, కిర్రుమన్న ప్రతి చోటా అదే పోస్తారు. తలుపు బందుకి పోశారు, కుట్టుమిషనుకి పోశారు, బాగానే ఉంది. ఒకాయన పివట్‌లో కూడా పోసి తెచ్చాడు. "స్వచ్ఛమైందండీ, మా తోటలో కాయలే ఆడించేం" అన్నాడు. చెరువు నీళ్ళు తగిలిన రెండో రోజుకి ఆ నూనె ఉండదు. లోపల బేరింగు సూదులు ఎర్రటి పొడిగా రాలాయి. గ్రీజు వేయవలసిన చోట గ్రీజే వేయాలి. పాతది పూర్తిగా తుడిచి, సీళ్ళు కొత్తవి పెట్టి, నీళ్ళు తట్టుకునే గ్రీజు నిండుగా పట్టించాలి.

ఇంకొక రకం మనుషులు ఉంటారు. ఎంత బిగించాలో చెయ్యే చెబుతుందంటారు. చెయ్యి ఏమీ చెప్పదు. ఆవేళ మీరు తిన్న అన్నాన్ని బట్టి బిగిస్తుంది. పివట్ నట్టుకి బిగువు లెక్క చూపించే టార్క్ రెంచి వాడండి. ఎక్కువ బిగిస్తే ఆర్మ్ ఊగదు, తక్కువైతే పక్కకి ఆడుతుంది. షాక్ కలపకముందే ఆర్మ్‌ని చేత్తో పైకెత్తి వదలండి. తన బరువుకి తను మెల్లగా దిగాలి. పక్కకి లాగితే కదలకూడదు. ఈ పరీక్షకి నిమిషం కూడా పట్టదు. నేను మాత్రం ఒకసారి ఈ పరీక్ష సరిగ్గానే చేసి, ఆ తరవాత తప్పు చేశాను.

వర్జ్యం లోపల

వెంకట్రావు గారని ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల ఆసామి. మర్యాదస్థుడు. పంచాంగం చూడకుండా చెరువులో పిల్ల కూడా వదలడు. ఆయన ఏటీవీ తోలేవాడు నూకరాజు. నూకరాజు ముందు సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. పడవ మీద వల లాగే మర ఉంటుంది కదా, అందులో పడి కుడి పాదం నలిగిపోయింది. మెట్ట మీద కుంటుతూ నడుస్తాడు గాని, చెరువు గట్టు బురదలో పది అడుగులు కూడా వెయ్యలేడు. ఆ బండి ఉంది కాబట్టే మేత వేసే పని దొరికింది. బండి మీద ఉన్నంతసేపు అతనికి కాలు సంగతి గుర్తుండదని ఒకసారి నాతో అన్నాడు. నన్ను బాబాయ్ గారూ అనేవాడు.

ఆ బండి బేరింగులు పోయి షెడ్డుకి వచ్చింది. స్వింగార్మ్ దింపి, కొత్త బేరింగులు కొట్టి, తిరిగి ఎక్కించడం మొదలుపెట్టాను. కొబ్బరి దుంగ ముక్క మీద గోనె వేసి, దాని మీద ఆర్మ్‌ని ఆన్చి, చైను తొడిగి, బోల్టు దూర్చాను. నట్టుకి టార్క్ పెట్టాను. ఊగుతుందో లేదో చూశాను, బాగానే ఊగింది. ఆ మోడల్లో పివట్ నట్టు మీద ఇంకో నట్టు ఉంటుంది, లాక్ నట్టు. మొదటిది అదురుకి వదులు కాకుండా పట్టి ఉంచడమే దాని పని. దానికి తుప్పు ఉంటే కిరసనాయిల్లో నానబెట్టి, తుడిచి, గుడ్డ మీద పెట్టాను.

అప్పుడు వెంకట్రావు గారు కారు దిగారు. వెనకే నూకరాజు. సంచిలో కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు, పసుపు పొట్లం.

"మేస్త్రి గారూ, పదకొండున్నరకి వర్జ్యం వచ్చేస్తుందండీ. ఈలోగా బండి మీ గేటు దాటిపోవాలి."

"ఇంకా పనుందండీ."

"ఎంతసేపండీ, మీకు చిటికెలో పని! ట్రాలీ ఆటో కూడా తెచ్చేను. నాలుగు నెలల పంట, వర్జ్యంలో బండి గట్టెక్కిస్తే నా మనసు ఊరుకోదండీ."

సిల్వా గారైతే టీ తాగేవాడు. నేను పెద్దమనిషికి ఎదురు చెప్పలేక చేతులు జోరు చేశాను. మన వైపు ఇది పెద్ద జబ్బు. కాదు అనే మాట నోటికి రాదు. షాక్ కలిపాను, ఇరుసు వేశాను, చైను బిగువు చూశాను, చక్రాలు వేశాను, పివట్ మీద ప్లాస్టిక్ మూత నొక్కాను. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. కాయ కొట్టారు. సరిగ్గా పదకొండు ఇరవైకి ఆటో గేటు దాటింది.

నేల మీద పరిచిన లుంగీ దులపబోతే లాక్ నట్టు కనిపించింది. వేరే బండిది అనుకుందామని చూశాను. ఆవేళ షెడ్డులో వేరే బండి లేదు.

చొక్కా జేబు

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది. నేను చెప్పుకోవలసిన తప్పు దాని తరవాతది.

వెంటనే వెంకట్రావు గారికి ఫోన్ చేశాను. నా మాట మొదలవకముందే ఆయన సంబరంగా అందుకున్నారు. "కాయ సరిగ్గా రెండు చెక్కలైందండీ, చూసేరా? బండి పట్టులా పోతోందండీ. మీ చెయ్యి మంచిది." కాయ కొట్టి సాగనంపిన బండిని గంటలో వెనక్కి పిలవడం ఆయన దృష్టిలో ఎంత అపశకునమో నాకు తెలుసు. నా చెయ్యి మంచిదన్న మాట కూడా చెవిలో ఉంది. మంచిదండీ అని పెట్టేశాను.

రేపు ఏదో వంకతో చెరువు దగ్గరికి వెళ్ళి, మూత తీసి, నట్టు వేసి వద్దామనుకున్నాను. అయిదు నిమిషాల పని. మర్నాడు సముద్రం ఒడ్డు బండ్లు రెండు వచ్చాయి. ఆ తరవాత రెండు రోజులు వాన. మొదటి నట్టుకి టార్క్ పెట్టాను కదా, అంత తొందరగా వదలదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. రోజూ పొద్దున్న చొక్కా మార్చినప్పుడల్లా ఆ నట్టుని కొత్త చొక్కా జేబులోకి మార్చుకునేవాణ్ణి. అంటే మర్చిపోలేదు. తొమ్మిది రోజులు అలా మార్చుకున్నాను.

తొమ్మిదో రోజు వెంకట్రావు గారి ఫోన్. "నూకరాజు బండిని చెరువులో పడేసేడండీ."

గట్టు మలుపులో బండి వెనక భాగం పక్కకి తన్నింది. మేత బస్తాలతో సహా దొర్లి చెరువులో పడింది. గుండె లోతు నీళ్ళు. అతను బండి కింద ఉండిపోయాడు. పక్క గట్టు మీద మనుషులు ఉండబట్టి లాగారు. మెడ కింద, భుజం దగ్గర ఎముక విరిగింది.

బండిని షెడ్డుకి తెచ్చారు. వెంకట్రావు గారు స్టూలు మీద కూర్చుని మెల్లగా అన్నారు. "స్పీడుగా తోలేడో, బండిలోనే లోపం ఉందో మీరు చూసి చెప్పండి. మీ మాటే నాకు ఖాయం. తోలడం చేతకాదంటే అతన్ని తీసేసి వేరే మనిషిని పెట్టుకుంటాను. మనిషి పోతే నేను ఎవరికి జవాబు చెప్పుకోనండీ?"

"రేపు చెప్తానండీ" అన్నాను.

ఆయన వెళ్ళాక పివట్ దగ్గర వంగి చూశాను. మూత ఊడిపోయింది, మొదటి నట్టు లేదు. బోల్టు సగం బయటికి జరిగిపోయి ఉంది. ఆర్మ్ ఒక పక్కకి ఒరిగింది. ఈ పని తెలిసినవాడు ఎవడు చూసినా ఒక్క చూపులో చెప్పేస్తాడు. కాని చుట్టుపక్కల ఈ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. స్పీడుగా తోలాడండీ అంటే అక్కడితో అయిపోతుంది. ఆ మాట ఎలా అంటే నమ్మకంగా ఉంటుందో కూడా ఆలోచించాను. సిగ్గుగా ఉంది గాని, ఆలోచించిన మాట నిజం.

మంగ అడిగిన మాట

మర్నాడు మధ్యాహ్నం నూకరాజు ఇంటికి వెళ్ళాను. మంచం మీద వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు, చెయ్యి మెడకి కట్టి ఉంది. నన్ను చూసి లేవబోయాడు. అతని భార్య మంగ కుర్చీ వేసింది.

"నిన్నట్నించీ ఒకటే మాటండీ మావయ్య గారూ" అంది మంగ. "తోలడం మర్చిపోయేను, తోలడం మర్చిపోయేను అంటాడు. అన్నం కూడా సరిగ్గా తినట్లేదండీ."

"మలుపులో ఎక్కువ తిప్పేసినట్టున్నానండీ బాబాయ్ గారూ" అన్నాడు నూకరాజు. "రోజూ తిప్పే మలుపే. ఎలా తప్పేనో తెలీట్లేదు. పడవ మీద కూడా నా తప్పే అన్నారు అప్పుడు. కాలు పోయింది. ఇప్పుడు ఇది. రావు గారికి మీరు చెప్తే వింటారండీ. ఇంక మెల్లగా తోల్తాడు, ఒక్కసారికి ఒగ్గెయ్యండి అని చెప్పండి. బండి లేకపోతే నేను ఆ గట్టెక్కలేనండీ."

వాదిస్తాడేమో, బండి మీద అనుమానం పడతాడేమో అని దారంతా సిద్ధపడుతూ వెళ్ళాను. అతను తన మీదే వేసుకున్నాడు. జేబులోంచి నట్టు తీసి మంచం మీద పెట్టాను.

"నువ్వు తప్పు తోలలేదు. ఇది నేను వెయ్యడం మర్చిపోయాను. ఇది లేక బోల్టు జారిపోయింది. అదే రోజు చూసుకున్నాను. వచ్చి వేద్దామనుకుంటూనే తొమ్మిది రోజులు జేబులో పెట్టుకు తిరిగాను."

నూకరాజు నట్టుని బాగున్న చేత్తో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను తిట్లకి తయారుగా ఉన్నాను.

"అయితే నేను బాగానే తోలేనాండీ?" అన్నాడు.

"బాగానే తోలావు."

"విన్నావా? బాగానే తోలేనంట" అన్నాడు భార్య వైపు తిరిగి. అతని మొహం విప్పారింది. నాకు తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

మంగ అతని వైపు చూడలేదు, నా వైపే చూస్తోంది. "తొమ్మిది రోజులు జేబులో పెట్టుకున్నారాండీ?" అని అడిగింది. గొంతు పెంచలేదు.

"ఆయ్" అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను.

అక్కడి నుంచి నేరుగా వెంకట్రావు గారి దగ్గరికి వెళ్ళి అదే మాట చెప్పాను. ఆయన గోడ మీద క్యాలెండరు వైపు చూశారు. "నేను తొందర పెట్టేనాండీ?" అన్నారు.

"పెట్టారండీ. కాని ఆగవలసింది నేను."

"నూకరాజుని ఉండమని చెప్పండి" అన్నారు. ఆ పంట అయ్యాక ఆయన బండి పనులు దూరమైనా వేరే ఊళ్ళో చేయించుకున్నారు. తప్పు పట్టను. నా వల్ల ఒక మనిషి నీళ్ళ కింద ఉన్నాడు.

తిరిగి ఎక్కించడం

ఆ బండి స్వింగార్మ్‌ని రెండోసారి ఎక్కించింది నెలన్నర తరవాత. బోల్టు, బేరింగులు, రెండు నట్లూ కొత్తవి. పాత లాక్ నట్టు వాడలేదు. పొద్దున్నే మొదలుపెట్టాను. పది దాటాక వెంకట్రావు గారు, నూకరాజు వచ్చారు. నూకరాజు చెయ్యి కట్టు విప్పేశారు. ఈసారి కూడా సంచిలో కాయ ఉంది.

"మేస్త్రి గారూ, వర్జ్యం..." అని మొదలుపెట్టి వెంకట్రావు గారే ఆగిపోయారు.

"ఇంకా పనుందండీ" అన్నాను. ఎప్పుడో ఎడారిలో విన్న సిల్వా గారి గొంతు నా నోట్లోంచి వచ్చింది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. వర్జ్యం వచ్చింది. నేను ఆర్మ్ ఎత్తి వదిలాను, మెల్లగా దిగింది. పక్కకి లాగాను, కదల్లేదు. నట్టు బిగించాను, దాని మీద లాక్ నట్టు బిగించాను, రెండిటి మీదా అడ్డంగా తెల్ల రంగు గీత పెట్టాను. గీత విరిగితే నట్టు కదిలినట్టు. ఇది అప్పటి నుంచి మొదలుపెట్టిన అలవాటు, మీరూ పెట్టుకోండి. మిగతావన్నీ వరసగా బిగించేసరికి వర్జ్యం వెళ్ళిపోయింది కూడా. ఆయన ఒక్కసారి కూడా వాచీ చూడలేదు. చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు.

నూకరాజుని పిలిచాను. నేల మీది లుంగీ ఎత్తి దులిపి, ఖాళీగా ఉందని చూపించబోయాను. "ఇలా వచ్చి నువ్వే చూసుకో. మూత కూడా తీసే ఉంచాను, నట్లు రెండూ చూడు."

అతను గుడ్డ వైపు చూడలేదు. నట్ల వైపు వంగలేదు. నలిగిన పాదాన్ని చేత్తో పట్టుకుని ఫుట్‌రెస్టు మీద పెట్టుకుంటున్నాడు.

"మీరు చూసేరుగా బాబాయ్ గారూ, ఇంక నేనెందుకండీ" అని ఎక్కి కూర్చున్నాడు.

"ఒక్క నిమిషం ఆగు" అని, మోకాళ్ళ మీద వంగి నేను మళ్ళీ చూశాను.